చెవులతో చేసిన యుద్ధం

1942లో కాకినాడ, విశాఖల మీద బాంబులు పడక ముందే శత్రువు వస్తున్నాడని కొలంబోలో కొందరికి తెలుసు. 1971లో విశాఖ గుమ్మంలోకి వచ్చిన ఘాజీకి మాత్రం తనను రప్పించింది ఒక నాటకమని తెలియదు. నౌకాదళంలో రహస్య సందేశాలను విన్నవాళ్లు, విప్పినవాళ్లు, పంపినవాళ్ల కథ ఇది.

అమ్మకు ఒంట్లో బాగాలేదట. ఇప్పుడెలా ఉంది?

యుద్ధనౌక విక్రాంత్‌లో పనిచేసే ఓ నావికుడు ఆదుర్దాగా అడుగుతున్నట్టు, 1971 యుద్ధానికి ముందు ఒక సందేశం వెళ్లింది. సైన్యం వాడే రహస్య భాషలో కాదు, ఎవరు విన్నా అర్థమయ్యే మామూలు మాటల్లో. యుద్ధం ముంచుకొస్తున్న వేళ ఓడ ఆచూకీ బయటపడేలా అలా పంపడం నౌకాదళంలో పెద్ద నేరం. కానీ ఇది పొరపాటున జరిగింది కాదు, కావాలని చేసింది. ఆ సందేశం చేరాల్సింది నావికుడి ఇంటికి కాదు... పొంచి వింటున్న శత్రువు చెవికి!

ఆ ఎత్తు వేసింది అప్పటి తూర్పు నౌకాదళ కమాండ్ అధిపతి, వైస్ అడ్మిరల్ ఎన్.కృష్ణన్. తర్వాతి రోజుల్లో 'నో వే బట్ సరెండర్' అనే పుస్తకంలో ఆ సంగతులన్నీ ఆయనే రాసుకొచ్చారు. ఎత్తు వేసిన అధికారి పేరు చరిత్రలో ఉంది. మరి ఆ సందేశాన్ని టకటకా కొట్టి పంపిన చెయ్యి ఎవరిది? అవతలి సందేశాలను రాత్రంతా మేలుకుని విన్న చెవులెవరివి? ఆ పేర్లు ఎక్కడా కనిపించవు.

సముద్రానికి అంత దూరమేం కాదు

ఉయ్యూరు సెంటర్లో నిలబడితే సముద్రం కనిపించదు. బందరు వెళ్లే బస్సులు, చెరకు లోడు ట్రాక్టర్లు, కేసీపీ చక్కెర ఫ్యాక్టరీ... ఇవే కళ్ల ముందు. కానీ అదే రోడ్డు పట్టుకుని మరో 35 కిలోమీటర్లు వెళ్తే బందరు వచ్చేస్తుంది. ఆ పక్కనే మంగినపూడి తీరం. డెల్టా ఊళ్లకు సముద్రమంటే తుపాను, చేపలు, కార్తీక పౌర్ణమి స్నానాలు. యుద్ధం మాత్రం గుర్తుకు రాదు. యుద్ధమంటే ఎక్కడో ఉత్తరాన, మంచుకొండల్లో జరిగేదనే మన లెక్క.

నిజానికి మూడు దశాబ్దాల వ్యవధిలో యుద్ధం రెండుసార్లు మన తెలుగు తీరానికి వచ్చింది. రెండుసార్లూ ఫిరంగుల కంటే ముందు పనిచేసింది వైర్‌లెస్సే. మొదటిసారి శత్రువు మాట విన్నా మన ఊళ్లకు లాభం లేకపోయింది. రెండోసారి శత్రువు వినేలా మనమే మాట వదిలాం, గట్టెక్కాం.

ముగ్గురి పని

నేల మీద పోరాడే సైన్యం తీగలు లాగి ఫోను పెట్టుకోవచ్చు. నడిసముద్రంలోని ఓడకు తీగ కట్టలేం కదా! వైర్‌లెస్సే దిక్కు. అయితే గాల్లోకి వదిలిన మాటకు గోడలుండవు. మనవాళ్లకు వినిపించేది, సరైన పరికరం ఉంటే పగవాడికీ వినిపిస్తుంది. అందుకే మాటను అంకెలుగానో, అర్థంలేని అక్షరాలుగానో మార్చి పంపుతారు. ఆ ముడి విప్పడానికి అవతలివాళ్లు ప్రయత్నిస్తారు.

ఈ పనిలో ప్రధానంగా ముగ్గురుంటారు. ఒకరు వినేవాళ్లు. చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని, గరగరల మధ్య సన్నగా వినిపించే చుక్కలు, గీతల శబ్దాన్ని ఒక్క అంకె తప్పకుండా కాగితం మీద పెట్టాలి. అదేమిటో వాళ్లకు అర్థం కాదు, అర్థం కానక్కర్లేదు. రెండోవాళ్లు దిక్కు పట్టేవాళ్లు. ఒకే సంకేతాన్ని రెండు మూడు చోట్ల నుంచి విని, అది వస్తున్న దిశలను మ్యాపు మీద గీతలుగా గీస్తారు. గీతలు కలిసినచోట ఓడ ఉన్నట్టు. మూడోవాళ్లు ముడి విప్పేవాళ్లు. లెక్కలు, భాష, ఓపిక... మూడూ ఉన్నవాళ్లకే ఈ పని.

ముగ్గురిలో ఎవరూ తుపాకీ పట్టరు. కానీ వాళ్ల కాగితం మీద ఒక్క అంకె తారుమారైతే అవతల వందల ప్రాణాలు పోవచ్చు.

'కో-రో-ం-బో'

జపాన్ నౌకాదళాన్ని వినడానికి బ్రిటన్ 1935లో హాంకాంగ్‌లో ఒక కేంద్రం పెట్టింది. పేరు ఫార్ ఈస్ట్ కంబైన్డ్ బ్యూరో. 1939లో అది సింగపూర్‌కు మారింది. జపాన్ సేనలు సింగపూర్ మీదికి వస్తుండటంతో 1942 జనవరిలో కొలంబోకు తరలింది. అక్కడ వాళ్లకు దొరికిన చోటు పెంబ్రోక్ కాలేజీ. భారతీయ బాలుర కోసం నడిచిన బడి అది. పిల్లలు ఎక్కాలు చదివిన గదుల్లో పెద్దలు జపాన్ అంకెలతో కుస్తీ పట్టారు.

మార్చి నెలలో వాళ్లకు ఒక ఆనవాలు దొరికింది. జపాన్ విమానవాహక నౌకలు ఏదో రేవు మీద దాడికి సిద్ధమవుతున్నాయి. ఏ రేవు? సందేశాల్లో దానికి మారుపేరే ఉంది. ఇంతలో ఒక జపాన్ ఆపరేటర్ ఆ పేరును విడి అక్షరాల్లో కొట్టేశాడు. కో-రో-ం-బో! శత్రువు గురిపెట్టింది తాము కూర్చున్న ఊరి మీదేనని వింటున్నవాళ్లకు అప్పుడు తెలిసింది.

దాడి ఏప్రిల్ 1 ప్రాంతంలో ఉంటుందని అంచనా వేశారు. అడ్మిరల్ సోమర్విల్ తన ఓడలను సముద్రంలోకి తీసుకెళ్లి కాపు కాశాడు. ఒకరోజు గడిచింది, రెండు రోజులు గడిచాయి. ఎవరూ రాలేదు. నీళ్లు, ఇంధనం నింపుకోవడానికి మాల్దీవుల దక్షిణాన ఉన్న అడ్డూ దీవులకు వెళ్లిపోయాడు. సరిగ్గా అప్పుడు, ఏప్రిల్ 4న, కెనడా పైలట్ లియొనార్డ్ బర్చాల్ నడుపుతున్న కాటలీనా విమానానికి జపాన్ ఓడల దండు కనిపించింది. ఆ కబురు వైర్‌లెస్‌లో పంపుతుండగానే ఆయన విమానం కూలింది. బర్చాల్ జపాన్‌కు బందీగా చిక్కి యుద్ధం ముగిసేదాకా చెరలోనే ఉన్నాడు.

మర్నాడు, ఏప్రిల్ 5 ఈస్టర్ ఆదివారం. కొలంబో మీద బాంబులు పడ్డాయి. ముందే కబురు ఉండటంతో రేవులోని ఓడలను చాలావరకు ఖాళీ చేయించగలిగారు. సముద్రంలో ఉన్న రెండు బ్రిటిష్ క్రూయిజర్లు డార్సెట్‌షైర్, కార్న్‌వాల్ మాత్రం మునిగిపోయాయి. 424 మంది చనిపోయారు.

ఇక మన వంతు. అడ్మిరల్ ఒజావా నాయకత్వంలో మరో జపాన్ దండు బంగాళాఖాతంలోకి చొరబడింది. అందులోని విమానవాహక నౌక ర్యూజో నుంచి లేచిన విమానాలు ఏప్రిల్ 6న కాకినాడ, విశాఖపట్నాల మీద బాంబులు వేశాయి. తీరం వెంట సరుకు ఓడలు ఒకటి తర్వాత ఒకటి మునిగాయి. కొద్దిరోజుల్లోనే దాదాపు 20 ఓడలు పోయాయి. కొలంబోలో కనీసం ఎదురు నిలవడానికి యుద్ధవిమానాలున్నాయి. విశాఖలో అప్పటికి గట్టి వైమానిక రక్షణే లేదు. తీరం ఊళ్ల జనం మూటాముల్లె సర్దుకుని లోపలి పల్లెలకు పరుగులు తీశారు. మద్రాసులో ప్రభుత్వ కార్యాలయాలనే లోపలి ఊళ్లకు తరలించారు. డెల్టాలో 'జపానువాడి బాంబులు' అని పెద్దవాళ్లు చెప్పుకునేది ఈ రోజుల గురించే.

వినడం వేరు, విన్నదాన్ని అక్కరకు తెచ్చుకోవడం వేరు. కొలంబోలో విన్నవాళ్లు తమ పని తాము చేశారు. కానీ విన్న మాటకు తగ్గట్టు కాచుకునే విమానాలు, ఓడలు మన తీరానికి లేవు. 1942 నేర్పిన పాఠం అది.

ఆ తర్వాత కొలంబో కేంద్రాన్ని కూడా అక్కడ ఉంచలేక ఆఫ్రికాలో మొంబాసా దగ్గరున్న కిలిండినికి తరలించారు. 1943లో మళ్లీ కొలంబోకు తెచ్చారు. విశాఖ మీద బాంబులేసిన ర్యూజో మాత్రం ఎక్కువ కాలం బతకలేదు. అదే ఏడాది ఆగస్టు 24న పసిఫిక్ సముద్రంలో అమెరికా విమానాల దెబ్బకు మునిగిపోయింది.

పెళ్లి టెలిగ్రాం తెలిస్తే జపాన్ కోడ్ తెలిసినట్టే!

పెళ్లిళ్లకు గ్రీటింగ్ టెలిగ్రాం ఇచ్చిన రోజులు గుర్తున్నాయా? శుభాకాంక్ష మొత్తం రాయక్కర్లేదు. పోస్టాఫీసు పట్టికలో ఒక్కో వాక్యానికి ఒక్కో నంబరు ఉండేది. మనం నంబరు చెబితే చాలు. అటు చివరి పోస్టాఫీసులో ఆ నంబరుకు తగిన వాక్యం కాగితం మీదికొచ్చి పెళ్లింటికి చేరేది. కోడ్ పుస్తకం అంటే ఇదే. పట్టిక ఉన్నవాడికి వాక్యం, లేనివాడికి ఉత్త అంకె.

జపాన్ నౌకాదళం వాడిన ముఖ్యమైన కోడ్‌కు మిత్రరాజ్యాలు పెట్టుకున్న పేరు జేఎన్-25. అందులో వేలాది మాటలకు, పేర్లకు అయిదేసి అంకెల గుంపులు ఉండేవి. అక్కడితో ఆగలేదు. ఆ అంకెకు మరో పుస్తకంలోంచి ఇంకో అయిదంకెల సంఖ్య తీసి కలిపేవారు. ఉదాహరణకు 'ఓడ' అనే మాటకు 12345 అనుకుందాం. రెండో పుస్తకంలో 67890 వచ్చింది. కూడాలి, కానీ బళ్లో కూడినట్టు కాదు. పది దాటితే చేతిలో మిగిలే ఒకటిని వదిలేయాలి. అప్పుడు 79135 వస్తుంది. గాల్లోకి వెళ్లేది అదే. అదే 'ఓడ' మరోసారి వస్తే, కలిపే సంఖ్య మారిపోతుంది కాబట్టి ఇంకేదో అంకెగా కనిపిస్తుంది.

మరి ఎలా విప్పారు? పంపేటప్పుడు తప్పులు దొర్లితే పట్టుకోవడానికి వీలుగా జపాన్‌వాళ్లు ఒక నియమం పెట్టుకున్నారు. అసలు కోడ్ అంకెలన్నీ మూడుతో భాగించబడాలి. మన 12345 కూడా అంతే, కావాలంటే భాగించి చూడండి. విప్పేవాళ్లకు అదే తాళంచెవి అయింది. కలిపిన సంఖ్య ఏదై ఉంటుందో ఊహించి తీసేస్తారు. మిగిలినవి మూడుతో భాగించబడుతుంటే దారి సరైనదే! తప్పు జరక్కుండా పెట్టుకున్న జాగ్రత్తే గుట్టు బయటపెట్టింది.

సిగ్నల్ స్కూల్లో రాజుకున్న నిప్పు

భారతీయ కుర్రాళ్లు ఈ పనిలోకి పెద్దసంఖ్యలో వచ్చింది కూడా ఆ యుద్ధకాలంలోనే. రాయల్ ఇండియన్ నేవీ సిగ్నల్ శిక్షణ కేంద్రం హెచ్ఎంఐఎస్ తల్వార్. పేరుకు ఓడలా ఉన్నా అది బొంబాయి కొలాబాలో నేల మీదున్న స్థావరం. మోర్స్ కొట్టడం, కోడ్ పుస్తకాలు వాడటం అక్కడ నేర్పేవారు. చదువుకున్న కుర్రాళ్లనే తీసుకునేవారు. మహిళలు కూడా వెనకబడలేదు. నౌకాదళ మహిళా విభాగం డబ్ల్యూఆర్ఐఎన్ఎస్‌లో చేరినవాళ్లు సిగ్నల్, సైఫర్ కార్యాలయాల్లో పనిచేశారు.

రహస్యాలు మోసే పనిచ్చి మనిషిగా చూడకపోతే ఏమవుతుంది? 1946 ఫిబ్రవరి 18న తల్వార్‌లోనే తేలింది. తిండి బాగాలేదు, పై అధికారుల నోటి దురుసు భరించలేం అంటూ నావికులు సమ్మెకు దిగారు. అప్పటికే బలాయ్ చంద్ దత్ అనే టెలిగ్రాఫిస్టు స్థావరం గోడల మీద 'క్విట్ ఇండియా' నినాదాలు రాసి పట్టుబడ్డాడు. సమ్మె సంఘానికి నాయకులుగా నిలిచిన ఎం.ఎస్.ఖాన్, మదన్ సింగ్ ఇద్దరూ సిగ్నల్, టెలిగ్రాఫ్ విభాగాలవాళ్లే.

అందులో విశేషమేమిటంటారా? వైర్‌లెస్ వాళ్ల చేతిలో ఉంది. ఏ ఓడకు ఎలా కబురు పంపాలో వాళ్లకు తెలుసు. ఒక స్థావరంలో మొదలైన సమ్మె చూస్తుండగానే కరాచీ, కలకత్తా, మద్రాసు, విశాఖలకు పాకింది. 78 ఓడలు, 20 తీర స్థావరాలు, దాదాపు 20,000 మంది నావికులు! ఫిబ్రవరి 23న నావికులు లొంగిపోయారు. దత్ తర్వాత ఉద్యోగం పోగొట్టుకుని పత్రికారంగంలోకి వచ్చారు. పాతికేళ్ల తర్వాత, 1971లో 'మ్యూటినీ ఆఫ్ ది ఇన్నోసెంట్స్' పేరుతో తన జ్ఞాపకాలు రాశారు. మన దేశంలో ఒక మాజీ నౌకాదళ టెలిగ్రాఫిస్టు స్వయంగా రాసిన అరుదైన పుస్తకాల్లో అదొకటి.

చదవక్కర్లేదు, లెక్కపెడితే చాలు

ఇప్పుడు మళ్లీ విశాఖకు, 1971కి వద్దాం. దానికి ముందు ఒక్క మాట. మీ వీధిలో ఎవరింట్లోనో పెళ్లి ఉందనుకోండి. శుభలేఖ మీకు రాకపోయినా సంగతి తెలియదా? షామియానా దిగింది, కూరగాయల బుట్టలు వచ్చాయి, ఇంటి ముందు కార్లు ఆగాయి. ఉయ్యూరు వీరమ్మతల్లి తిరునాళ్లు వచ్చాయని చెప్పడానికి కరపత్రం కావాలా? బస్సుల రద్దీ చూస్తే చాలదూ! వైర్‌లెస్‌లోనూ అంతే. కోడ్ విప్పలేకపోయినా ఎవరు, ఎక్కడి నుంచి, ఎన్ని సందేశాలు పంపుతున్నారో లెక్కపెడితే చాలు... అక్కడేదో పెద్ద ఓడ ఉందని తెలిసిపోతుంది. కృష్ణన్ వాడుకున్న కిటుకు ఇదే.

మన ఏకైక విమానవాహక నౌక విక్రాంత్ అప్పుడు బాయిలర్ పగుళ్లతో ఇబ్బంది పడుతోంది. పూర్తి వేగంతో వెళ్లలేదు. దాన్ని ముంచితే తూర్పు సముద్రం మీద మన పట్టు పోతుంది. పాకిస్థాన్ దగ్గర కరాచీ నుంచి బంగాళాఖాతం దాకా రాగల జలాంతర్గామి ఒక్కటే ఉంది. ఘాజీ! ఒకప్పటి అమెరికా జలాంతర్గామి డయాబ్లో అది. 1971 నవంబరు 14న కరాచీ నుంచి బయల్దేరింది.

ఘాజీ వస్తోందని మనకెలా తెలిసింది? ఇక్కడా చెవులే. చిట్టగాంగ్‌లోని పాక్ నౌకాదళానికి వెళ్లిన ఒక సందేశం మనవాళ్లకు చిక్కింది. ఒక రకం లూబ్రికేషన్ ఆయిల్ గురించి వాకబు అది. పైకి చూస్తే స్టోర్ కీపర్ల వ్యవహారం. కానీ ఆ ఆయిల్‌ను జలాంతర్గాములు, మైన్‌స్వీపర్ ఓడలు మాత్రమే వాడతాయి. ఆ వైపు జలాంతర్గామి రాబోతుంటే తప్ప ఆ ఆయిల్ సంగతి అడగరు కదా! పాక్ నౌకాదళ కోడ్‌ను విప్పింది మా తూర్పు కమాండ్ సిగ్నల్ విభాగమేనని సైన్యంలో పనిచేసిన లెఫ్టినెంట్ జనరల్ జె.ఎఫ్.ఆర్.జాకబ్ తన 'సరెండర్ ఎట్ ఢాకా' పుస్తకంలో రాశారు.

విక్రాంత్‌ను గుట్టుగా అండమాన్ దీవుల్లోని పోర్ట్ కార్న్‌వాలిస్‌కు పంపేశారు. దానికి పెట్టుకున్న మారుపేరు పోర్ట్ ఎక్స్‌రే. ఇటు విశాఖలో నాటకం మొదలైంది. రెండో ప్రపంచయుద్ధం నాటి పాత డిస్ట్రాయర్ రాజ్‌పుత్, అప్పటికి విశ్రాంతికి సిద్ధంగా ఉన్న ఓడ. దానికి విక్రాంత్ వేషం వేశారు. సముద్రంలోకి వెళ్లి, విమానవాహక నౌక పంపినంత జోరుగా సందేశాలు పంపమన్నారు. విశాఖ బజార్లో మాంసం, కూరగాయలకు భారీగా ఆర్డర్లు ఇచ్చారు. పెద్ద నౌకల దండు రేవుకు వస్తోందని ఊళ్లో అనుకోవాలి, ఆ మాట దాటాల్సిన చోటికి దాటాలి. ఆ వరసలోదే మొదట్లో చెప్పుకున్న 'అమ్మకు బాగాలేదు' సందేశం. ఎవరి కడుపులోనైనా దూరిపోయే మాట. తల్లి కోసం కొడుకు పడే ఆదుర్దాను అబద్ధమని ఎవరనుకుంటారు?

డిసెంబరు 3 అర్ధరాత్రి. పాకిస్థాన్ విమానాలు మన పశ్చిమ స్థావరాల మీద దాడి చేసిన రాత్రి అది. ప్రధాని ఇందిరాగాంధీ ప్రసంగం కోసం దేశమంతా రేడియోల ముందు కూర్చుంది. లెఫ్టినెంట్ కమాండర్ ఇందర్ సింగ్ నాయకత్వంలో రాజ్‌పుత్ రేవు దాటింది. నీటిలో అలజడి కనిపించి రెండు డెప్త్ ఛార్జ్‌లు జారవిడిచి ముందుకు సాగిపోయింది. కొద్ది నిమిషాలకు విశాఖ తీరంలో పెద్ద పేలుడు. మర్నాడు వేటకు వెళ్లిన జాలరులకు నీటిపై తేలుతున్న శకలాలు దొరికాయి. తర్వాత డైవర్లు దిగి అది ఘాజీయేనని తేల్చారు. అందులోని 90 మందికి పైగా నావికుల్లో ఒక్కరూ మిగల్లేదు.

ఘాజీని ముంచింది రాజ్‌పుత్ అని మన నౌకాదళం చెబుతుంది. అది తాను పరిచిన మైనుకే తగిలి ఉండొచ్చని, లోపలే ప్రమాదం జరిగి ఉండొచ్చని పాకిస్థాన్ వాదన. మునిగిన తేదీ మీద జాకబ్‌కే అనుమానాలున్నాయి. జాలరులకు శకలాలు దొరికాయని కృష్ణన్ తనకు డిసెంబరు 3 ఉదయమే ఫోన్లో చెప్పారని ఆయన రాశారు. ఎవరి మాట నెగ్గినా ఒక్కటి మాత్రం ఖాయం. ఘాజీ ఎదురుచూసిన విక్రాంత్ విశాఖలో లేదు. ఉన్నదల్లా దాని గొంతే.

2017లో సంకల్ప్ రెడ్డి దర్శకత్వంలో వచ్చిన 'ఘాజీ' సినిమా ఈ కథను ఇంటింటికీ చేర్చింది. అయితే అందులో ఎస్-21 జలాంతర్గామి నీటి అడుగున ఘాజీతో తలపడుతుంది. అది సినిమా కోసం అల్లుకున్న కథ. హెడ్‌ఫోన్లు పెట్టుకుని కాగితం మీద అంకెలు రాసుకునే మనిషి మీద రెండున్నర గంటల సినిమా తీయడం కష్టమే మరి!

రష్యన్‌లో మాట్లాడుకున్నారు

కోడ్ పుస్తకం తీసే తీరికలేని వేళ ఏం చేస్తారు? భాషనే కోడ్‌గా వాడేస్తారు. అదే డిసెంబరు 4 రాత్రి కరాచీ మీద మన క్షిపణి పడవలు దాడి చేశాయి. ఏటా ఆ రోజునే నేవీ డే జరుపుకుంటున్నాం. వాటి సిబ్బంది సోవియట్ యూనియన్లో శిక్షణ పొంది వచ్చినవాళ్లు. దాడి సమయంలో పాకిస్థానీలకు అర్థం కాకుండా రష్యన్ భాషలో మాట్లాడుకున్నారని నౌకాదళంలో ఇప్పటికీ చెప్పుకుంటారు.

అమెరికా మెరైన్ దళం 1942లో ఇదే పని మరింత పకడ్బందీగా చేసింది. నవాహో తెగకు చెందిన 29 మంది యువకులతో, వాళ్ల సొంత భాష ఆధారంగా ఒక కోడ్ తయారు చేయించింది. జపాన్ దాన్ని విప్పలేకపోయింది. బళ్లో మాట్లాడితే దండించిన భాషే యుద్ధంలో అమెరికాను కాపాడింది. ఆ రహస్యాన్ని ప్రభుత్వం 1968లో గానీ బయటపెట్టలేదు. అప్పటిదాకా వాళ్లు ఇంట్లోవాళ్లకు కూడా చెప్పుకోలేకపోయారు.

కాగితాలు పోయాయి, జ్ఞాపకాలూ పోతున్నాయి

ఈ ఉద్యోగంలో అసలు బరువు అదే. సరిహద్దులో పోరాడి వచ్చిన జవాను సెలవుల్లో ఊరొస్తే రచ్చబండ దగ్గర కథలు చెబుతాడు. సైఫర్ గదిలో పనిచేసినవాడు ఏం చెబుతాడు? 'ఏదో ఆఫీసు పనిలే' అంటాడు. విరమణ తర్వాత కూడా అధికార రహస్యాల చట్టం వెన్నంటే ఉంటుంది. పిల్లలకు నాన్న నేవీలో చేశాడని తెలుసు, ఏం చేశాడో తెలియదు.

బ్రిటన్‌లో జర్మనీ కోడ్‌లు విప్పిన బ్లెచ్లీ పార్క్ సంగతి 1974 దాకా బయటికి రాలేదు. భార్యాభర్తలిద్దరూ అక్కడే పనిచేసి, ఒకరికొకరు చెప్పుకోని జంటలున్నాయి. చివరికి 2009లో బ్రిటన్ ప్రభుత్వం బతికున్నవాళ్లకు గుర్తింపు బ్యాడ్జీలు ఇచ్చింది. అప్పటికి చాలామంది కన్నుమూశారు.

మన దగ్గర పరిస్థితి ఇంకా ఇబ్బందికరం. ఘాజీ మునకకు సంబంధించిన పత్రాలు, తూర్పు కమాండ్‌లోని 1971 యుద్ధ పత్రాలు చాలావరకు ధ్వంసమైపోయాయని 2010లో పత్రికల్లో వార్తలొచ్చాయి. తేదీ మీద, ఘనత మీద ఇన్నాళ్లూ వాదనలు నడవడానికి అదొక కారణం. 2024 ఫిబ్రవరిలో నౌకాదళం తన కొత్త రక్షక జలవాహనంతో విశాఖ దగ్గర సముద్రగర్భంలో ఘాజీ శకలాలను గుర్తించింది. చనిపోయిన నావికుల మీద గౌరవంతో వాటిని కదిలించలేదు. ఇనుము యాభై ఏళ్ల తర్వాతా దొరికింది. కాలిన కాగితం దొరకదు. ఇక మిగిలింది మనుషుల జ్ఞాపకాలే. 1971లో ఇరవై రెండేళ్ల కుర్రాడికి ఇప్పుడు డెబ్బై అయిదు దాటాయి.

2021 జూన్‌లో రక్షణశాఖ ఒక విధానం ప్రకటించింది. యుద్ధ పత్రాలను సాధారణంగా 25 ఏళ్లకు బహిరంగపరచాలి, యుద్ధం ముగిసిన అయిదేళ్లలోపు చరిత్ర రాయించాలి అన్నది దాని సారాంశం. మంచి మాటే. కానీ అధికారిక చరిత్రలో అడ్మిరల్ ఉంటాడు, ఓడ పేరు ఉంటుంది. తెల్లవారుజామున మూడింటికి నిద్ర ఆపుకుని అంకెలు రాసుకున్న నావికుడు ఉండడు.

ఇప్పుడు వికారాబాద్ వంతు

వినడం, పంపడం అనే ఈ పని పాతబడిపోలేదు. నీటి అడుగునున్న జలాంతర్గామికి మామూలు రేడియో చేరదు. అతి తక్కువ పౌనఃపున్యమున్న తరంగాలు మాత్రం ఉప్పునీటిలోకి కొంత లోతు దాకా దిగుతాయి. అందుకోసం తమిళనాడులోని తిరునల్వేలి జిల్లాలో ఐఎన్ఎస్ కట్టబొమ్మన్ కేంద్రం 1990 నుంచి పనిచేస్తోంది. రెండో కేంద్రానికి తెలంగాణలో, వికారాబాద్ జిల్లా దామగుండం అడవిలో 2024 అక్టోబరు 15న శంకుస్థాపన జరిగింది. సుమారు 2,900 ఎకరాలు. సముద్రానికి వందల కిలోమీటర్ల దూరంలో నౌకాదళ స్థావరమా అని ఆశ్చర్యపోయినవాళ్లున్నారు. చెట్లు పోతాయని, మూసీ పుట్టే ప్రాంతం దెబ్బతింటుందని పర్యావరణవాదులు ఆందోళన చేశారు. దేశరక్షణకు తప్పదని ప్రభుత్వం అంటోంది. ఆ చర్చ ఎలా ఉన్నా, సముద్రం అడుగుకు వెళ్లే రహస్య సందేశాల్లో కొన్ని రేపు తెలుగు నేల మీద నుంచే బయల్దేరతాయి.

మీ ఇంట్లో ఉన్నారా?

విశాఖ వెళ్లినప్పుడు ఆర్కే బీచ్‌లో ఐఎన్ఎస్ కురుసుర జలాంతర్గామి మ్యూజియం చూసే ఉంటారు. 2002 నుంచి సందర్శకులు అందులోకి వెళ్తున్నారు. టార్పెడోలను చూసినంతసేపు వైర్‌లెస్ గది దగ్గర ఎవరూ ఆగరు. ఈసారి వెళ్తే పిల్లలతో అక్కడ కాసేపు ఆగండి. ఒక మనిషి కూర్చోవడానికే ఇరుకైన ఆ చోట గంటలకొద్దీ చెవులప్పగించి కూర్చోవడమంటే ఏమిటో వాళ్లకు చెప్పండి.

బందరు రోడ్డు పొడవునా, డెల్టా పల్లెల్లో నేవీకి వెళ్లొచ్చిన పెద్దవాళ్లున్నారు. మీ ఇంట్లో, మీ వీధిలో అలాంటి తాతయ్య ఉంటే కూర్చోబెట్టి అడగండి. కోడ్ ఏమిటని అడగొద్దు, ఆయన చెప్పరు, చెప్పకూడదు కూడా. మోర్స్ ఎన్నాళ్లకు వచ్చింది? రాత్రి డ్యూటీలో నిద్ర ఎలా ఆపుకున్నారు? యుద్ధం రోజుల్లో ఇంటికి ఉత్తరం రాయడానికి ఏం మిగిలేది? డిసెంబరు 3 రాత్రి ఎక్కడున్నారు? ఇవి రహస్యాలు కావు. ఒక నోటు పుస్తకం గానీ, సెల్‌ఫోన్లో రికార్డరు గానీ చాలు. తేదీ, ఊరు, ఓడ పేరు మర్చిపోకుండా రాసిపెట్టండి. ఏళ్ల తరబడి ఎవరెవరి మాటలో విన్న మనిషి చెప్పే మాటను, ఇంట్లోవాళ్లు ఒక్క సాయంత్రం వింటే సరిపోతుంది.